ఊరి కింద ఊరు

పోలండ్ యూరప్ ఖండంలోని చలి దేశం. దాని రాజధాని వార్సా. వార్సాకు దక్షిణంగా సుమారు 200 కిలోమీటర్ల దూరంలో ఒక చిన్న పట్నం ఉంది. దాని పేరు సాండొమియెష్. విస్తులా నది పక్కన, ఎత్తయిన గట్టు మీద ఉంటుంది ఆ పట్నం. విస్తులా పోలండ్‌లో అన్నిటికన్నా పొడవైన నది.

పట్నం చుట్టూ పల్లెలు. పల్లెల చుట్టూ పండ్ల తోటలు. ఆపిల్ తోటలే ఎక్కువ. చెర్రీ, రేగుపండంత ప్లమ్, బేరి, ఆప్రికాట్ కూడా పండిస్తారు. ఏప్రిల్ ఆఖరున, మే మొదట్లో చెట్లన్నీ పూస్తాయి. అప్పుడు ఎటు చూసినా తెల్లగా, లేత గులాబి రంగులో పూలే. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఆపిల్ కోతలు. అప్పుడు ఇంటిల్లిపాదీ తోటలోనే ఉంటారు.

ఈ తోటలకు బలం ఆ నేలలో ఉన్న పసుపుపచ్చ మట్టి. కానీ ఆ మట్టే ఒకసారి పట్నాన్ని కూల్చబోయింది. అన్నం పెట్టిన మట్టి ఇల్లు ఎందుకు కూల్చబోయింది? ఆ సంగతి తెలియాలంటే ముందు మట్టి సంగతి తెలియాలి.

గాలి తెచ్చిన మట్టి

వేల ఏళ్ల కిందట యూరప్ ఉత్తర భాగం మంచుతో కప్పబడి ఉండేది. ఆ మంచు మామూలు మంచు కాదు. కొండలంత మందం గల మంచుగడ్డ. అది కదిలినప్పుడు కింద ఉన్న రాళ్లను నూరేది. రాళ్లు నలిగి సన్నని పిండి అయ్యేవి. ఆ పిండిని గాలి ఎగరేసుకుపోయేది. దూరంగా తీసుకుపోయి పోసేది. అలా ఏళ్ల తరబడి పేరుకున్న దుమ్మే ఈ మట్టి. దీన్ని ‘లోయెస్’ అంటారు.

ఈ మట్టి చాలా మెత్తన. వేళ్లు సులువుగా లోతుకు దిగుతాయి. వాన నీటిని పట్టి ఉంచుతుంది. ఇందులో సున్నం పాలు కూడా ఉంటుంది. అందుకే పంటలకు మంచిది.

దీనికి ఇంకో గుణం ఉంది. పొడిగా ఉన్నంతకాలం గోడలా నిలుస్తుంది. నిట్టనిలువుగా తవ్వినా విరిగి పడదు. నీళ్లు ఇంకితే మాత్రం దాని పట్టు పోతుంది. ఉన్నట్టుండి కుంగిపోతుంది. పొడిగా ఉంటే గోడ, తడిస్తే బురద. ఆ పట్నం కథంతా ఈ ఒక్క మాటలో ఉంది.

యాద్విగా రాణి దారి

ఈ గుణాన్ని కళ్లారా చూడాలంటే పట్నం అంచున ఒక చోటు ఉంది. దాన్ని యాద్విగా రాణి లోయ అంటారు. యాద్విగా 1384 నుంచి 1399 వరకు పోలండ్‌ను ఏలింది. ఆమె ఈ దారిన నడిచిందని జనం చెప్పుకుంటారు.

నిజానికి ఇది వాన నీళ్లు కోసిన దారి. మెత్తటి మట్టిని వాన నీరు కొద్దికొద్దిగా కోసుకుంటూ పోయింది. మనుషులు, బండ్లు తిరిగి ఇంకా లోతు చేశారు. ఇప్పుడు దీని పొడవు దాదాపు అర కిలోమీటరు. కొన్ని చోట్ల 10 మీటర్ల లోతు ఉంటుంది. రెండు పక్కలా మట్టి గోడలు. గోడల మీద పెద్ద చెట్లు. కింద మట్టి కొట్టుకుపోవడంతో చెట్ల వేళ్లు బయటపడి గాలిలో వేలాడుతుంటాయి. ఎండాకాలంలో కూడా లోపల చల్లగా, చీకటిగా ఉంటుంది.

నది తెచ్చిన వ్యాపారం

పాత రోజుల్లో రోడ్లు బాగుండేవి కావు. సరుకులు నది మీదే పోయేవి. సాండొమియెష్ దగ్గర నది మీద, నేల మీద వచ్చే వ్యాపార దారులు కలిసేవి. ధాన్యం, ఉప్పు, కలప ఇక్కడ చేతులు మారేవి. అలా పట్నం ధనవంతమైంది.

ధనం ఉన్న చోటికి శత్రువు కూడా వస్తాడు. 1241లో మంగోలు సైన్యం వచ్చి పట్నాన్ని దోచింది. మళ్లీ 1259–60 చలికాలంలో వచ్చింది. ఈసారి జనాన్ని ఊచకోత కోసింది. అయినా పట్నం తిరిగి లేచింది. 1286లో కొత్తగా పట్న హక్కులు పొందింది. 14వ శతాబ్దంలో కాజిమియెష్ మహారాజు కాలంలో చుట్టూ ఇటుక గోడ కట్టారు. ఆ గోడకు ఉన్న ద్వారాల్లో ఒకటి ఇప్పటికీ నిలిచి ఉంది. దాని పేరు ఒపాతూవ్ ద్వారం. పైకి ఎక్కితే నది, పట్నం, తోటలు అన్నీ కనిపిస్తాయి.

1656లో స్వీడన్ సైన్యం పట్నం వదిలిపోతూ కోటను మందుగుండుతో పేల్చేసింది. కోటలో ఒక పక్క భాగం మిగిలింది. తర్వాతి కాలంలో దాన్ని జైలుగా వాడారు. 1959 వరకు అది జైలే. ఇప్పుడు మ్యూజియం.

ఆ పట్నంలో దొరికిన ఒక వస్తువుకు మన దేశంతో చుట్టరికం ఉంది. 1962లో తవ్వకాల్లో చదరంగం బలగం బయటపడింది. కొమ్ముతో చెక్కిన చిన్న చిన్న కాయలు. మొత్తం 32 ఉండాలి. 29 దొరికాయి. అవి 12, 13వ శతాబ్దాల నాటివి. చదరంగం పుట్టింది మన దేశంలో. ఇక్కడి నుంచి పర్షియాకు, అక్కడి నుంచి అరబ్బులకు, వారి నుంచి యూరప్‌కు పోయింది. వ్యాపారం వెంట ఆట కూడా అంత దూరం ప్రయాణం చేసింది.

నేల కింద కొట్లు

పట్నంలో చోటు తక్కువ. చుట్టూ కోటగోడ. సరుకులు చూస్తే ఎక్కువ. వాటిని ఎక్కడ పెట్టాలి? వ్యాపారులు ఒక ఉపాయం చేశారు. తమ ఇళ్ల కింద కొట్లు తవ్వుకున్నారు. మట్టి మెత్తన కాబట్టి తవ్వడం సులువు. పొడి మట్టి కాబట్టి కప్పు నిలుస్తుంది. లోపల ఎండాకాలం, చలికాలం ఒకే చల్లదనం. ధాన్యం, సారా, ఉప్పు చేపలు పాడు కాకుండా ఉండేవి.

ఒక కొట్టు నిండితే దాని కింద ఇంకొకటి తవ్వారు. దాని పక్కన మరొకటి. పక్కింటి కొట్టుతో ఈ ఇంటి కొట్టు కలిసేది. వందల ఏళ్లు ఇలా సాగింది. చివరికి ఊరి కింద ఇంకో ఊరు తయారయింది.

ఈ కొట్ల గురించి ఒక కథ ఉంది. హలీనా అనే ఆమె తండ్రిని, బంధువులను మంగోలులు చంపారు. ఆమె శత్రువుల గుడారాలకు వెళ్లింది. పట్నంలోకి దొంగదారి చూపిస్తానంది. వాళ్లు నమ్మి ఆమె వెంట సొరంగంలోకి దిగారు. ఊరివాళ్లు వెనక నుంచి రాళ్లతో దారి మూసేశారు. శత్రువులతో పాటు హలీనా కూడా అక్కడే చనిపోయింది. ఇది జనం నోట నిలిచిన కథ. చరిత్రలో రుజువు లేదు. అయినా కొట్లు చూడబోయిన ప్రతివారికీ ఈ కథ చెబుతారు.

పైన బాగుంది, కింద గుల్ల

యుద్ధాలు, మంటల వల్ల పట్నం వ్యాపారం పడిపోయింది. సరుకులు లేవు. కొట్లతో పని లేకపోయింది. కొన్నిటిని చెత్తతో నింపారు. కొన్నిటి ద్వారాలు మూసేశారు. తాతలకు తెలిసిన సంగతి మనవలకు తెలియకుండా పోయింది. తమ ఇంటి కింద ఎన్ని కొట్లు ఉన్నాయో చాలామందికి తెలియదు.

తర్వాత నీళ్ల గొట్టాలు, మురుగు గొట్టాలు వచ్చాయి. గొట్టాలు కారాయి. వాన నీరు కూడా కిందికి ఇంకింది. పొడిగా ఉన్నంతకాలం గోడలా నిలిచిన మట్టి తడిసింది. తడిసిన చోట కొట్ల కప్పులు కూలసాగాయి.

1960ల్లో ప్రమాదం పైకి వచ్చింది. వీధులు కుంగాయి. గోడలు బీటలు వారాయి. గట్టు అంచులు జారాయి. ఇళ్లు పడిపోయే పరిస్థితి వచ్చింది. వందల ఏళ్ల పట్నం నేలలో కలిసిపోతుందేమోనని జనం భయపడ్డారు.

అప్పుడు క్రాకోవ్ నగరంలోని గనుల విద్యాలయం నిపుణులు వచ్చారు. గనుల్లో పని చేసి అలవాటున్న కార్మికులు వచ్చారు. బొగ్గు తవ్వే చేతులు ఇక్కడ పట్నాన్ని నిలబెట్టడానికి దిగాయి. ముందు కొట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికారు. లోపలి చెత్త, బురద తీశారు. పనికిరాని గుల్లలను గట్టిగా పూడ్చారు. మంచి కొట్లకు ఇటుకతో, కాంక్రీటుతో బలం ఇచ్చారు. పైన ఇళ్లను బాగుచేశారు. నీరు కిందికి ఇంకకుండా ఏర్పాట్లు చేశారు. ఈ పని ఏళ్ల తరబడి సాగింది.

బాగుచేసిన కొట్లను కలిపి ఒక దారి చేశారు. 1977లో దాన్ని జనం చూడటానికి తెరిచారు. దారి పొడవు దాదాపు 470 మీటర్లు. అన్నిటికన్నా లోతైన చోటు నేలకు సుమారు 12 మీటర్ల కింద ఉంటుంది. ఒకప్పుడు పట్నానికి ముప్పు తెచ్చిన కొట్లే ఇప్పుడు పట్నానికి రాబడి తెస్తున్నాయి.

మిరియాల కొండలు

పట్నం పక్కనే, నది ఒడ్డున మిరియాల కొండలు ఉన్నాయి. అక్కడ మిరియాలు పండవు. ఆ కొండల్లో నల్లని, బూడిదరంగు పలకరాళ్లు ఉన్నాయి. ఎండకు, వానకు, మంచుకు ఆ రాళ్లు చితికి చిన్న ముక్కలవుతాయి. ఆ ముక్కలు చూస్తే మిరియాల్లా ఉంటాయి. అందుకే ఆ పేరు.

ఈ రాళ్ల వయసు సుమారు 50 కోట్ల ఏళ్లు. అప్పుడు ఆ చోట సముద్రం ఉండేది. సముద్రం అడుగున పేరుకున్న బురదే రాయి అయింది. ఈ కొండల మీద అడవి గులాబీలు ఎన్నో రకాలు పెరుగుతాయి. ఎండాకాలం మొదట్లో పూస్తాయి. 1979 నుంచి ఈ చోటును ప్రభుత్వం కాపాడుతోంది. అక్కడ పూలు కోయకూడదు, రాళ్లు తవ్వకూడదు.

రైతు కష్టం

చూడవచ్చినవారికి పూలు అందం. రైతుకు పూలు వచ్చినప్పుడే గుబులు. ఏప్రిల్, మే నెలల్లో ఒక్కోసారి రాత్రిపూట మళ్లీ గడ్డకట్టే చలి వస్తుంది. చలి సున్నాకు రెండు మూడు డిగ్రీలు కిందికి దిగితే పూలు మాడిపోతాయి. పూలు మాడితే కాయ లేదు. ఏడాది కష్టం ఒక్క రాత్రిలో పోతుంది. 2017 వసంతంలో పోలండ్ తోటలు ఇలాగే దెబ్బతిన్నాయి.

దీనికి రైతులు కొన్ని ఉపాయాలు చేస్తారు. చల్లగాలి బరువైంది. నీళ్లలాగే పల్లానికి పారుతుంది. కాబట్టి పల్లంలో కన్నా ఏటవాలు నేలలో తోట వేస్తే చలి దెబ్బ తక్కువ. నీటి వసతి ఉన్నవారు ఆ రాత్రి చెట్ల మీద నీళ్లు చిలకరిస్తారు. నీరు గడ్డకట్టేటప్పుడు కొంత వేడి వదులుతుంది. ఆ వేడి లోపలి పువ్వును కాపాడుతుంది. అయితే చలి తగ్గేదాకా చిలకరింపు ఆపకూడదు. మధ్యలో ఆపితే పువ్వుకు ఇంకా నష్టం.

ఏటవాలు నేలలో ఇంకో చిక్కు ఉంది. వానకు మెత్తటి మట్టి కొట్టుకుపోతుంది. అందుకే చెట్ల వరుసల మధ్య గడ్డి పెంచుతారు. గడ్డి వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి.

నది వల్ల కూడా ఆపద ఉంది. 2010 మే నెలలో విస్తులా కరకట్ట తెగింది. నదికి అవతలి ఒడ్డున, పల్లంలో ఉన్న ఇళ్లు, పొలాలు మునిగాయి. జూన్‌లో మళ్లీ వరద వచ్చింది. గట్టు మీది పాత పట్నానికి నీరు రాలేదు.

కష్టం బజారు వైపు నుంచి కూడా వస్తుంది. పోలండ్ బయటి దేశాలకు పంపే ఆపిల్ పండ్లలో పెద్ద భాగం రష్యాకు పోయేది. 2014 ఆగస్టులో రష్యా ఆ పండ్లను ఆపేసింది. పంట బాగా ఉంది, కొనేవారు లేరు. ధర పడిపోయింది. ఒకే బజారును నమ్ముకుంటే ఏమవుతుందో అప్పుడు అందరికీ తెలిసింది. ఆ తర్వాత పోలండ్ కొత్త దేశాలకు పండ్లు పంపసాగింది. అలా పంపుతున్న దేశాల్లో మన దేశం కూడా ఉంది.

పండుతో పాటు ఊరు కూడా

సాండొమియెష్ చుట్టుపక్కల కొందరు రైతులు మరో దారి పట్టారు. పండ్ల రసం తీసి అమ్ముతున్నారు. కొందరు ద్రాక్ష తోటలు వేశారు. కొందరు తమ ఇంట్లోనే ఒకటి రెండు గదులు యాత్రికులకు అద్దెకు ఇస్తున్నారు. తోటల మీదుగా ఆపిల్ యాత్రా దారి కూడా ఏర్పాటయింది. 2008లో మొదలైన ఒక టీవీ సీరియల్ కథ ఈ పట్నంలోనే జరుగుతుంది. అందులో ఒక చర్చి ఫాదరు నేరాలు ఛేదిస్తుంటాడు. దాన్ని చూసి కూడా ఎందరో జనం వస్తున్నారు.

వచ్చినవారు పగలు తోటలు, కొండలు చూస్తారు. తర్వాత మెట్లు దిగి నేల కింది కొట్లలోకి వెళతారు. వెళ్లేముందు వెంట ఒక పలచని కోటు ఉంచుకోమని చెబుతారు. లోపల ఎప్పుడూ చల్లగానే ఉంటుంది.

పైన మట్టి తడిగా ఉండాలి. అప్పుడే చెట్టు బతుకుతుంది. కింద మట్టి పొడిగా ఉండాలి. అప్పుడే ఇల్లు నిలుస్తుంది. ఈ రెండూ చూసుకోవడమే ఆ ఊరివారి పని. ఒకసారి మరిచిపోయారు, ఊరు పోయేదాకా వచ్చింది. అందుకే ఇప్పుడు వాళ్లు పైన కారే గొట్టాన్నీ, గోడ మీది చిన్న బీటనూ తేలికగా తీసుకోరు.