ఏ మీట పడింది? ఎప్పుడు పడింది?

జర్మనీలో ఇళ్ళకి ఏసీ అలవాటు తక్కువ. 2019 జులై 25న డూయిస్‌బుర్గ్‌లో 41.2 డిగ్రీల ఎండ కాసింది. ఆ తర్వాత నాకు తెలిసిన నాలుగైదు తెలుగు కుటుంబాల ఇళ్ళలోకి చక్రాల ఏసీలు వచ్చాయి. గోడకి చిల్లు పెట్టాలంటే ఇంటి ఓనరు ఒప్పుకోవాలి, గ్యాసు పైపులు కలపాలంటే సర్టిఫికెట్ ఉన్న మెకానిక్ రావాలి. అందుకని కిటికీలోంచి గొట్టం బయటకి పెట్టే రకమే మనకి దిక్కు. షూకో సాకెట్లో ప్లగ్గు పెడితే చాలు, గది చల్లబడుతుంది. కొన్ని ఇళ్ళలో మాత్రం కాసేపటికి బ్రేకర్ పడిపోతుంది. లేపితే మళ్ళీ పడుతుంది.

మన వృత్తిలో ప్రోగ్రామ్ చచ్చిపోతే ముందు లాగ్ చూస్తాం కదా! కరెంటు డబ్బాలో లాగ్ రెండే వరుసలు: ఏ మీట పడింది, ఎప్పుడు పడింది.

డబ్బాలో రెండు రకాల మీటలుంటాయి. "బి16" అని రాసి ఉన్న సన్నటివి వైరుని కాపాడతాయి. ఇప్పుడు మనం చూసే ఈ బ్రేకర్‌కి మూలపురుషుడు మాన్‌హైమ్‌కి చెందిన హూగో స్టోట్స్ కంపెనీలో 1924లో పుట్టాడు. రెండో రకం వెడల్పుగా, "టి" అనే బొత్తాంతో ఉంటుంది. అది ఎఫ్.ఐ. షాల్టర్. వెళ్ళిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానమేనా అని లెక్క చూసే గుమస్తా అది. 30 మిల్లీఆంపియర్ల తేడా వచ్చేలోపే పడిపోతుంది. అది కాపాడేది వైరుని కాదు, మనిషిని.

సన్నమీట పడితే రెండో ప్రశ్న ముఖ్యం. ప్లగ్గు పెట్టగానే పడితే ఎక్కడో షార్ట్ ఉన్నట్టే. మళ్ళీ లేపే ప్రయత్నం చెయ్యకండి. ఫ్యాను తిరిగి, రెండు మూడు నిమిషాల తర్వాత కంప్రెసర్ అందుకునే క్షణంలో పడితే అది స్టార్టింగ్ కరెంటు సంగతి. మోటారు కదిలేటప్పుడు మామూలు కన్నా ఎన్నో రెట్లు లాగుతుంది. బి రకం మీట 16 ఆంపియర్లకి మూడు నుంచి ఐదు రెట్ల మధ్యే, అంటే 48-80 దగ్గరే, ఠక్కున పడుతుంది. సి రకం ఐదు నుంచి పది రెట్ల దాకా ఓర్చుకుంటుంది. మన దేశంలో ఏసీకి సాధారణంగా సి రకమే వేస్తారు. కెపాసిటర్ బలహీనపడినా ఇదే లక్షణం. ఇంకో సంగతి, పడిన వెంటనే లేపి ఏసీ నడిపితే లోపల గ్యాసు ఒత్తిడి ఇంకా దిగక కంప్రెసర్ మొరాయిస్తుంది, మీట మళ్ళీ పడుతుంది. ఐదు నిమిషాలు ఆగండి.

అరగంట నడిచాక పడితే అది ఓవర్‌లోడ్. మా ఇంట్లో జరిగింది ఇదే. వారానికి రెండు సాయంత్రాలు పడేది, మిగతా రోజులు ఏమీ లేదు. ఇలాంటి బగ్గులు మీకూ తెలిసినవే. మాది పాత కాలపు ఇల్లు. ఒక్కొక్క మీటా దించి ఏ దీపం ఆరిందో, ఏ సాకెట్ చచ్చిందో కాగితం మీద రాసుకుంటే హాలు, స్నానాలగది, వంటింటి సాకెట్లు అన్నీ ఒకే బి16 మీద తేలాయి. ఏసీకి 5.5 ఆంపియర్లు, వాషింగ్ మెషీన్ నీళ్ళు కాచేటప్పుడు 9, మా ఆవిడ దోసెలకని కొన్న ప్లగ్గు ఇండక్షన్ స్టవ్‌కి 9. మొత్తం 23.5. ఈ మీటకి 18 దాకా గంటసేపు ఓర్పు ఉంటుంది, 23.2 వస్తే గంటలోపు పడి తీరాలి. బట్టలూ దోసెలూ ఒకే సాయంత్రం పడినప్పుడే మీటా పడేది. ఏసీ నిర్దోషి. బట్టలు పొద్దుటికి మార్చాం.

ఇక ఎఫ్.ఐ. పడితే నేను తేలిగ్గా తీసుకోను. ఏసీ ప్లగ్గు తీసేసి లేపండి. నిలబడితే, ఏసీని మళ్ళీ పెట్టగానే పడితే, లోపల నీళ్ళు చేరడమో కంప్రెసర్ చుట్టలో ఇన్సులేషన్ పోవడమో అయ్యుండాలి. ఒక మిత్రుడి ఇంట్లో ఏసీ బాగానే ఉంది, ఎఫ్.ఐ. పడుతోంది. ఒక్కో కంప్యూటర్ పవర్ సప్లైలోని ఫిల్టర్ ఏ లోపం లేకపోయినా కొంత కరెంటు ఎర్త్‌లోకి వదులుతుంది. ఎఫ్.ఐ. 15 మిల్లీఆంపియర్లు దాటాక ఎప్పుడైనా పడొచ్చు. ఆయన గదిలో అరడజను డబ్బాలు నడుస్తున్నాయి, దాని మీద ఇన్వర్టర్ ఏసీ తోడైంది. ఎలక్ట్రీషియన్ కొలిచి, గదులని రెండు ఎఫ్.ఐ.ల మీదకి పంచాడు. కొత్త సాకెట్ లైన్లకి ఎఫ్.ఐ. తప్పనిసరి చేసిన ప్రమాణం 2007లో వచ్చింది. పాత ఇళ్ళలో అసలు ఉండకపోవచ్చు. మీ డబ్బా ఓసారి తెరిచి చూసుకోండి.

"16 తీసి 25 పెట్టేస్తే పోలా?" అని అడిగేవాళ్ళు ప్రతి పార్టీలోనూ ఉంటారు. గోడలో ఉన్నది సాధారణంగా 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ. మీట ఊరుకుంటే కాలేది ఆ తీగే, అదీ గోడ లోపల, పిల్లలు నిద్రపోయే వేళ. బి తీసి సి పెట్టడం కొన్నిచోట్ల సరైన మందే. కానీ సి16 షార్ట్‌లో ఠక్కున పడాలంటే 160 ఆంపియర్లు రావాలి. పొడుగాటి పాత తీగలోంచి అంత రాకపోవచ్చు. కొలవకుండా చెప్పలేం. ఇక్కడ చట్టప్రకారం డబ్బాలో చెయ్యి పెట్టాల్సింది కరెంటు సంస్థ దగ్గర నమోదైన ఎలక్ట్రీషియనే. అద్దె ఇల్లయితే ముందు ఓనరుకి ఉత్తరం రాయండి, ఏ మీట ఏ తేదీన ఎన్ని గంటలకి పడిందో పట్టికతో సహా. చుట్టచుట్టిన కేబుల్ డ్రమ్ముకి మాత్రం ఏసీ తగిలించకండి. చుట్టగా ఉంటే ఎన్ని వాట్లో, పూర్తిగా విప్పితే ఎన్ని వాట్లో దానిమీదే రాసి ఉంటుంది.