మిషను సరే, అవతల చూసేదెవరు?

చిల్లకల్లుకు జగ్గయ్యపేట దగ్గరే, నందిగామా అంత దూరమేమీ కాదు. గుండెకో కిడ్నీకో పెద్ద డాక్టరు కావాలంటే మాత్రం హైవే ఎక్కి సుమారు 70 కిలోమీటర్లు విజయవాడ వెళ్లాలి. రోగికి ఆ రోజు కూలి పోతుంది, తోడు వచ్చినవారికీ పోతుంది, చార్జీలు అదనం. అందుకే మన ఇళ్లలో పెద్దవాళ్లు చాలామంది బీపీకో షుగరుకో ఒకసారి మందులు రాయించుకుని, ఆ చీటీతోనే నెలల తరబడి మందుల షాపులో కొనుక్కుంటారు. ఈలోగా ఒంట్లో ఏం జరుగుతున్నదీ డాక్టరుకు తెలియదు, రోగికీ తెలియదు.

ఇంటి దగ్గరున్న రోగిని ఆసుపత్రి ఈ మధ్యకాలంలో కూడా గమనిస్తూ ఉండే పద్ధతిని రిమోట్ పేషెంట్ మానిటరింగ్ అంటారు. దీనికి కావలసిన పరికరాలు ఇప్పుడు సేవా సంస్థల చిన్న క్లినిక్కులకు కూడా అందే ధరలోకి వచ్చాయి. దీనికోసం విరాళం ఇవ్వదలచినవారు ముందుగా దీని పనితీరు తెలుసుకోవడం మంచిది.

ఎలా పనిచేస్తుంది?

రోగి ఇంట్లో బీపీ మిషనో, షుగరు మీటరో, వేలికి పెట్టే ఆక్సీమీటరో ఉంటుంది. చూసిన అంకె బ్లూటూత్ ద్వారా ఫోనుకు, అక్కడి నుంచి క్లినిక్కులోని కంప్యూటరుకు చేరుతుంది. స్మార్ట్‌ఫోను లేని ఇంట్లో రోగి ఫోను చేసి అంకె చెప్పినా సరిపోతుంది. డాక్టరు ప్రతి రోగికీ ముందే ఒక హద్దు పెడతారు. అది దాటితే నర్సు ఆ రోజే ఫోను చేసి మాట్లాడుతుంది, అవసరమైతే డాక్టరు మందు మారుస్తారు. ఫోను ద్వారా వైద్య సలహా ఇవ్వడానికి కేంద్ర ప్రభుత్వం 2020 మార్చి 25న మార్గదర్శకాలు ఇచ్చింది.

మన తెలుగునాట ఇలాంటి ప్రయత్నాలు పాతవే. చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో సంస్థ టెలీమెడిసిన్ కేంద్రాన్ని 2000 మార్చి 24న అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ప్రారంభించారు. కోవిడ్ రోజుల్లో ఆక్సీమీటరు పెట్టుకుని, 94 కంటే తగ్గితే ఫోను చేయడం మనందరికీ అలవాటైంది. ఆ పని కూడా దూరం నుంచి రోగిని గమనించడమే.

ఫలితం ఎక్కడ వచ్చింది, ఎక్కడ రాలేదు?

గుండె బలహీనపడిన రోగులపై జరిగిన రెండు పెద్ద అధ్యయనాలు చూద్దాం. అమెరికాలో 1653 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపులోని వారు రోజూ ఒక ఆటోమేటిక్ ఫోను వ్యవస్థకు ఫోను చేసి, తమ బరువూ బాధలూ చెప్పాలి. ఆ జవాబులను క్లినిక్కు సిబ్బంది పనిదినాల్లో చూసేవారు. 2010లో వెలువడిన ఫలితం ప్రకారం మరణాలు గానీ, మళ్లీ ఆసుపత్రిలో చేరడం గానీ తగ్గలేదు. వంద మందిలో 14 మంది ఆ వ్యవస్థను ఒక్కసారైనా వాడలేదు.

జర్మనీలో 1500 మందికి పైగా రోగులతో జరిగిన అధ్యయనం 2018లో వచ్చింది. అక్కడ ఒక గుంపులోని వారి బరువు, బీపీ, ఈసీజీ, ఆక్సిజన్ రోజూ ఒక కేంద్రానికి చేరేవి. ఆ కేంద్రంలో డాక్టర్లూ నర్సులూ 24 గంటలూ ఉండి, తేడా కనబడగానే రోగితోనూ, అతని సొంత డాక్టరుతోనూ మాట్లాడేవారు. మామూలు వైద్యం పొందినవారిలో ఏడాదికి నూటికి 11.3 మరణాలుంటే, ఈ గుంపులో 7.9 మాత్రమే. రెండు దేశాల్లో రోగుల ఎంపికలో తేడాలున్నాయి. అయినా అంకెలు చూసి వెంటనే కదిలే మనుషులు ఉండడం ఎంత ముఖ్యమో ఇక్కడ తెలుస్తుంది.

మన పక్కనే పశ్చిమ గోదావరిలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో ఆశా కార్యకర్తలకు ట్యాబ్‌లు ఇచ్చి, గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉన్నవారిని గుర్తించి డాక్టరు దగ్గరకు పంపించే ప్రయత్నం జరిగింది. ఆశా కార్యకర్తలు ఆ పని చేయగలిగారు. కానీ 2019లో వచ్చిన ఫలితాల్లో, బీపీ అదుపులోకి వచ్చినవారి సంఖ్య మిగతా ఊళ్లతో పోలిస్తే దాదాపు అంతే ఉంది. జబ్బును గుర్తించాక మందు నెలనెలా అందాలి, రోగి దాన్ని మానకుండా వేసుకోవాలి, తగ్గకపోతే డాక్టరు మోతాదు మార్చాలి. వీటిలో ఏది తప్పినా ట్యాబ్ ఒక్కటే బీపీని తగ్గించలేదు.

మన ఇళ్లలో గమనించవలసినవి

బీపీ చూసే ముందు ఐదు నిమిషాలు కూర్చోవాలి. అరగంట ముందు నుంచి టీ, సిగరెట్ ఉండకూడదు. పట్టీ మోచేతి పైభాగానికి, గుండె ఎత్తులో ఉండాలి. ఇంట్లో సగటు 135/85 దాటుతుంటే డాక్టరుకు చెప్పాలి. వేలికి మెహందీగానీ గోళ్ల రంగుగానీ ఉంటే ఆక్సీమీటరు తప్పు చూపవచ్చు. ఛాతీ నొప్పి, మూతి వంకర, మాట తడబాటు కనిపిస్తే మిషను కోసం చూడకుండా 108కి ఫోను చేయాలి.

చాలా ఇళ్లలో ఫోను మగవారి చేతిలో ఉంటుంది. పగలు వారు పనికి పోతే అమ్మీకీ నానీకీ నర్సు ఫోను అందదు. అలాంటి ఇళ్లకు నర్సు స్వయంగా వెళ్లాలి. ఉర్దూలోనూ తెలుగులోనూ మాట్లాడగల మహిళ అయితే మరీ మంచిది. రోగి వివరాలు ఎవరు చూస్తారో చెప్పి, అనుమతి తీసుకున్నాకే పని మొదలుపెట్టాలి.

షుగరు ఉన్నవారికి రంజాన్‌లో ఇది మరింత ఉపయోగం. అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య మార్గదర్శకాల ప్రకారం షుగరు 70కి తగ్గినా, 300 దాటినా రోజా విరమించాలి. వేలి కొసన రక్తం తీసి పరీక్షించుకుంటే రోజా భంగం కాదని కూడా రోగులకు చెప్పమంటాయి. ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే డాక్టరును కలిసి, రోజా ఉండవచ్చో లేదో, మందుల వేళలు ఎలా మార్చాలో తెలుసుకోవాలి.

దాతలు అడగవలసిన ప్రశ్నలు

మిషన్లకు ఒక్కసారి ఖర్చుపెడితే చాలు. వాటిపై పేరు రాయించుకోవచ్చు, ఫొటో కూడా బాగుంటుంది. స్ట్రిప్పులు, బ్యాటరీలు, మిషన్ల సరిచూపు, నర్సు జీతం, పేదలకు నెల మందులు మాత్రం ప్రతి నెలా కావాలి. ఇవి ఆగిన రోజున మిషను బీరువాలోకి పోతుంది.

కాబట్టి ఎవరైనా పది మిషన్లు ఇప్పించమని వస్తే నాలుగు ప్రశ్నలు అడగండి. వచ్చే అంకెలను రోజూ ఎవరు చూస్తారు? ఆదివారం, పండుగ రోజు ఎవరు చూస్తారు? హద్దు దాటితే ఏ డాక్టరు బాధ్యత తీసుకుంటారు? రెండో ఏడాది ఖర్చు ఎక్కడి నుంచి వస్తుంది? జవాబు సరిగ్గా ఉంటే మిషన్లతో పాటు నర్సు జీతానికీ కొంత కేటాయించండి. వంద మందికి మిషన్లు పంచడం కన్నా, ముప్పై మందిని ఏడాది పొడవునా విడవకుండా చూసుకోవడం మేలు. ఆ ముప్పై మందిలో ఎంతమంది బీపీ అదుపులోకి వచ్చిందో మరుసటి ఏడాది సంచికలో అచ్చువేయమని కూడా అడగండి.