ఇల్లే బడి... మళ్లీ ఉయ్యాల

అమెరికాలో ఇప్పుడు నలుగురు పిల్లలుంటేనే పెద్ద సంసారం. నలభై దాటి, ఇక కాన్పులు ఉండవనుకునే వయసుకు వచ్చిన తల్లుల్లో నలుగురూ అంతకన్నా ఎక్కువమందీ పిల్లలున్నవాళ్లు 1976లో నూటికి నలభైమంది ఉండేవారు. 2014 నాటికి పద్నాలుగుమందే మిగిలారని ప్యూ రిసెర్చ్ సెంటర్ లెక్కతేల్చింది. ఆరుగురు, ఎనిమిదిమంది, పదిమంది పిల్లలున్న ఇళ్లు ఆ పద్నాలుగులోనూ బహు కొద్ది. అలాంటి ఇళ్లలో కొన్ని పిల్లల్ని బడికి పంపవు. తల్లే చదువు చెబుతుంది, తల్లికి మళ్లీ నెలలు నిండుతూ ఉంటాయి. ముగ్గురూ ఆపైన పిల్లలున్న కుటుంబాల్లో ఇంటి చదువు పాలు ఎక్కువని అక్కడి కేంద్ర విద్యా గణాంకాల సర్వేలు కూడా చూపుతున్నాయి.

వీరిలో ఎక్కువగా కనిపించేది ఎవాంజెలికల్ క్రైస్తవులు, సంప్రదాయ కాథలిక్కులు, మోర్మన్లు. సంతానం దేవుడిచ్చేది, దానికి హద్దు పెట్టే పని మనుషులది కాదని నమ్మే ఒక శాఖ ఉంది. బైబిలు 127వ కీర్తనలోని ‘పిల్లలు అంబులపొదిలోని బాణాలు’ అన్న పోలిక నుంచి దానికి ‘క్వివర్‌ఫుల్’ అన్న పేరు వచ్చింది. 1985లో మేరీ ప్రైడ్ రాసిన ‘ది వే హోమ్’ పుస్తకం ఈ ఆలోచనకు ఊపునిచ్చింది. పెద్ద కుటుంబాలన్నీ ఆ శాఖవి కావు. పిల్లలంటే ఇష్టం కాబట్టి కన్నవాళ్లూ ఉన్నారు. అమిష్‌ల దారి మరొకటి. వాళ్ల పిల్లలు ఎక్కువగా సొంత ఒంటిగది బళ్లకు వెళ్లి ఎనిమిదో తరగతితో ఆపేస్తారు. 1972లో సుప్రీంకోర్టు విస్కాన్సిన్-యోడర్ కేసులో అందుకు అనుమతించింది.

ఇంటి చదువు ఉద్యమం మొదలైంది మాత్రం మతం నుంచి కాదు. 1852లో మసాచుసెట్స్‌తో మొదలై 1918లో మిసిసిపీ వచ్చి చేరేసరికి అన్ని రాష్ట్రాల్లోనూ నిర్బంధ విద్యా చట్టాలు అమలయ్యాయి. ఆ నిర్బంధ బడి పిల్లల సహజ కుతూహలాన్ని చంపేస్తోందని వాదించిన ఉపాధ్యాయుడు జాన్ హోల్ట్ 1977లో ‘గ్రోయింగ్ వితౌట్ స్కూలింగ్’ అనే పత్రిక పెట్టాడు. అంతకు రెండేళ్ల ముందే రేమండ్, డొరొతీ మూర్ దంపతులు పసిపిల్లల్ని తొందరపడి బడిలో వేయొద్దని పుస్తకం రాశారు. 1980ల్లో క్రైస్తవ కుటుంబాలు పెద్ద సంఖ్యలో వచ్చి చేరాయి. వారి తరఫున కోర్టుల్లో పోరాడే హోమ్ స్కూల్ లీగల్ డిఫెన్స్ అసోసియేషన్ 1983లో పుట్టింది. 1993 నాటికి యాభై రాష్ట్రాల్లోనూ ఇంటి చదువు చట్టబద్ధమైంది. 1999లో అలా చదివే పిల్లలు దాదాపు ఎనిమిదిన్నర లక్షలు, 2012లో దాదాపు 18 లక్షలు. కొవిడ్ కాలంలో 2020 వసంతం నుంచి శరదృతువుకల్లా, బడి ఈడు పిల్లలున్న ఇళ్లలో ఇంటి చదువు పట్టినవి 5.4 శాతం నుంచి 11.1 శాతానికి చేరాయని జనగణన విభాగం సర్వేలో తేలింది.

చట్టబద్ధమన్నంత మాత్రాన నియమాలన్నిచోట్లా ఒకటి కావు. టెక్సస్‌లో ఇంట్లో చదువు చెప్పుకుంటున్నామని అధికారులకు తెలపాల్సిన పనే లేదు. పెన్సిల్వేనియాలో తల్లిదండ్రులు ఏటా ప్రమాణపత్రం దాఖలు చేయాలి, పిల్లవాడి పనిని ఒక ఫైలుగా భద్రపరచాలి, అర్హత ఉన్న మదింపుదారుకు చూపాలి. ఏడాదికి 180 రోజుల చదువు, లేదా ప్రాథమిక తరగతులకు 900 గంటలు, పై తరగతులకు 990 గంటలు జరగాలి. న్యూయార్క్ మూడు నెలలకోసారి నివేదిక కూడా అడుగుతుంది. ఈ రెండు చోట్లా ఆ 180 రోజులను ఏడాదిలో ఎలా సర్దుకోవాలన్నది చాలావరకు కుటుంబం ఇష్టం. చూలాలైన తల్లికి ఊపిరాడేది ఈ వెసులుబాటుతోనే.

పెద్ద ఇంట్లో చదువు సాగే తీరు బయటివాళ్లకు గందరగోళంగా కనిపిస్తుంది. పద్నాలుగేళ్ల పిల్లకు బీజగణితం, ఆరేళ్లవాడికి అక్షరాలు, మధ్యలో ముగ్గురికి మూడు రకాల లెక్కలు, నేల మీద పాకే పసివాడు. అందరికీ గురువు ఒక్కరే. నిజానికి ఇది మన ఏకోపాధ్యాయ పాఠశాల పద్ధతే. దాని కిటుకు కూడా ఒక్కటే: వయసుతో పనిలేని పాఠాలను, వయసును బట్టి మారే పాఠాలను విడదీయడం. కథలు, కవిత్వం, చరిత్ర, సైన్సు, మతబోధ మొదటి రకం. ఉదయం ఫలహారం అయ్యాక అందరినీ కూర్చోబెట్టి తల్లి బిగ్గరగా చదువుతుంది. చిన్నవాళ్లు విన్నది తమ మాటల్లో తిరిగి చెబుతారు, పెద్దవాళ్లు రాస్తారు. చెప్పించే ఈ అలవాటు, పసివాళ్లకు పాఠం పావుగంట, ఇరవై నిమిషాలు దాటకూడదన్న నియమం ఆంగ్ల విద్యావేత్త షార్లట్ మేసన్ నుంచి వచ్చాయి. ఆమె 1923లో చనిపోయింది. ఆమె పద్ధతికి ఇవాళ పెద్ద అనుచరగణం ఈ ఇళ్లలోనే ఉంది.

చరిత్రకు ఇంకో తెలివైన ఏర్పాటు ఉంది. జెస్సీ వైజ్, ఆమె కూతురు సుసాన్ వైజ్ బాయర్ 1999లో రాసిన ‘ది వెల్-ట్రెయిన్డ్ మైండ్’ దాన్ని ప్రచారంలోకి తెచ్చింది. ప్రాచీన, మధ్య, తొలి ఆధునిక, ఆధునిక యుగాలను ఏడాదికొకటి చొప్పున నాలుగేళ్లలో ముగించి, మళ్లీ మొదటికి రావాలి. పన్నెండేళ్లలో మూడు చుట్లు. ఇంట్లో ఎంతమంది ఉన్నా ఒక ఏడాది అందరూ ఈజిప్టులోనే ఉంటారు. ఒకడు పిరమిడ్ బొమ్మ గీస్తాడు, ఒకతె ఆధార గ్రంథాలు చదివి వ్యాసం రాస్తుంది. కొత్తగా పుట్టిన బిడ్డ ఆరేళ్లకు ఆ చుట్టు ఎక్కడుంటే అక్కడే ఎక్కుతుంది.

లెక్కలకూ, చదవడం నేర్పడానికీ ఈ కిటుకు పనిచేయదు. వాటికి ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకోవాలి. శాక్సన్ లెక్కల పుస్తకాల్లాంటివి పెద్ద పిల్లలు సొంతంగా చదువుకునేలా రాసినవి కావడం వల్లే ఈ ఇళ్లలో నిలిచాయి. అక్షరాలకు ‘టీచ్ యువర్ చైల్డ్ టు రీడ్ ఇన్ 100 ఈజీ లెసన్స్’ పేరుమోసింది. పాఠానికి ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలూ దొరకడమే కష్టం. అడ్డంకి చంటిబిడ్డ కాదు, రెండు మూడేళ్లవాడు. చంటిబిడ్డ చంకలో ఉంటే పాఠం సాగుతుంది, వీడు క్రేయాన్‌తో గోడెక్కుతాడు. అందుకే చదువు వేళల్లో మాత్రమే తెరిచే బొమ్మల పెట్టె ఒకటి ఉంటుంది. పెద్ద పిల్లలు వంతులవారీగా అరగంట వాడిని ఆడిస్తారు. నిశ్శబ్దం కావాల్సిన పాఠాలన్నీ మధ్యాహ్నం వాడు నిద్రపోయే గంటన్నరలోకి సర్దుకుంటాయి. పుస్తకాలకు ఆధారం ఊరి గ్రంథాలయం. బండెడు తెచ్చుకుని బండెడు తిరిగిస్తారు.

వంటా ఉతుకూ చదువు నుంచి వేరుగా ఉండవు. వండేది రెండింతలు వండి సగం ఫ్రీజర్లో పెట్టడం, పొద్దున్నే స్లోకుక్కర్లో పప్పో మాంసమో పడేసి సాయంత్రం తీయడం, కాస్ట్‌కో టోకు దుకాణంలో బస్తాల లెక్కన కొనడం మామూలు. ఓరెగాన్‌లోని అజూర్ స్టాండర్డ్ అనే సంస్థ లారీల్లో వెచ్చాలు ఊరూరా దించి వెళుతుంది, ఖాతాదారులు ఒకచోట చేరి దింపుకుంటారు. బట్టలు ఒక్కరోజు వదిలేసినా కొండవుతాయి కాబట్టి రోజూ వాషింగ్ మెషీన్ తిరగాల్సిందే. ఎనిమిదేళ్లు దాటితే ఎవరి బట్టలు వాళ్లవే అన్నది చాలా ఇళ్ల నియమం. గత శతాబ్దంలో, పన్నెండుమంది పిల్లల్ని కన్న ఇంజనీరు లిలియన్ గిల్‌బ్రెత్ వంటగదిలో వృథా నడక ఎలా తగ్గించాలో పరిశోధించి, కాలితో తొక్కి తెరిచే చెత్తడబ్బాకు రూపమిచ్చింది. ఆమె పిల్లలు మాత్రం బడికే వెళ్లారు.

బండి సంగతి విడిగా చెప్పాలి. మినీవ్యాన్‌లో గరిష్ఠంగా ఎనిమిది సీట్లు. తల్లిదండ్రులు పోను ఆరుగురు పడతారు. ఏడో బిడ్డ కడుపున పడిందంటే ముందుగా వెతికేది పన్నెండు సీట్ల వ్యాన్. పదిహేను సీట్లవి నిండా ఎక్కితే బోల్తాపడే ముప్పు ఎక్కువని అక్కడి రహదారి భద్రతా సంస్థ హెచ్చరించింది. సంపాదన సాధారణంగా తండ్రి ఒక్కడిదే. పాత వ్యాను, అన్న బట్టలు తమ్ముడికి, వాడేసిన పాఠ్యపుస్తకాల సంతలు... లెక్క ఇలా కుదురుతుంది.

ఇక కాన్పు. వేవిళ్ల మూడు నెలలూ చదువు సోఫా మీదికి మారుతుంది. తల్లి పడుకుని వింటుంది, పిల్లలు చదువుతారు. లేదా ఆడియో పుస్తకం మోగుతుంది. పెద్దవాళ్లు రోజువారీ పనుల పట్టీ చూసుకుని తమ పాఠాలు తామే చేసుకుంటారు. నాలుగో నెల నుంచి ఒంట్లో ఓపిక తిరిగొస్తుంది. వెనకబడిన పాఠాలు పూర్తిచేసేదీ, ముందువి లాగేసేదీ అప్పుడే. వేసవిలోనూ చదువు నడిపి రోజులు దాచుకుంటారు. ఆరు వారాలు చదువు, ఒక వారం సెలవు అనే చక్రం పాటించేవాళ్లకు బిడ్డ ఎప్పుడు పుట్టినా ఏడాది తారుమారు కాదు. ఆఖరి నెలల్లో ఫ్రీజర్ నింపడం ఒక పండగ పనిలా సాగుతుంది. కడుపులోని బిడ్డ ఎదుగుదలే ఆ ఏడాది జీవశాస్త్ర పాఠం అవుతుంది. ఇందులో కృత్రిమం ఏమీ లేదు, పుస్తకంలోని పటం కన్నా ఇదే మేలు.

పదో కాన్పు పదో కాన్పే, అలవాటైన పనిగా వైద్యులు చూడరు. అయిదు, అంతకన్నా ఎక్కువ కాన్పులైన తల్లిని వైద్యశాస్త్రం ప్రత్యేక వర్గంగా లెక్కిస్తుంది. రక్తహీనత, బిడ్డ అడ్డం తిరగడం, ప్రసవం తర్వాత గర్భాశయం సరిగా ముడుచుకోక రక్తస్రావం కావడం వంటి ముప్పులు పెరుగుతాయి. తల్లి వయసు ముప్పై అయిదు దాటితే రక్తపోటు, మధుమేహం తోడవుతాయి. కాన్పు తర్వాత మళ్లీ గర్భం దాల్చడానికి కనీసం రెండేళ్లు ఆగాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఈ ఇళ్లలో చాలాచోట్ల అది అమలుకాదు. టీవీ షో ద్వారా లోకానికి తెలిసిన ఆర్కాన్సా డగ్గర్ దంపతులకు 2009 డిసెంబరులో పుట్టిన పంతొమ్మిదో బిడ్డ, తల్లికి ప్రీఎక్లాంప్సియా అనే రక్తపోటు జబ్బు రావడంతో 25 వారాలకే భూమ్మీద పడింది, బతికింది. ఇంట్లోనే మంత్రసాని చేతుల మీదుగా కనాలన్న కోరిక ఈ కుటుంబాల్లో బలంగా వినిపిస్తుంది. దేశం మొత్తంమీద ఇంటి కాన్పులు నూటికి ఒకటిన్నరకు మించవు. బీమాకు బదులు సభ్యుల చందాలతో వైద్య ఖర్చులు పంచుకునే క్రైస్తవ సంఘాల్లో చేరేవాళ్లూ ఉన్నారు. అవి చట్టం దృష్టిలో బీమా కావు, బిల్లు కడతామన్న పూచీ ఉండదు.

పురిటికి పుట్టింటికి వెళ్లే ఆచారం అక్కడ లేదు. తండ్రికి దక్కే సెలవూ తక్కువే. 1993 నాటి కేంద్ర చట్టం పన్నెండు వారాల సెలవుకు హక్కు ఇస్తుంది కానీ అది జీతం లేని సెలవు, చిన్న సంస్థలకు వర్తించదు. ఆ లోటును చర్చి ఆడవాళ్లు పూడుస్తారు. రోజుకొక ఇంటి నుంచి భోజనం వచ్చేలా వంతులు వేసుకుంటారు, బాలింతకు రెండు మూడు వారాలు పొయ్యి ముట్టుకునే పని ఉండదు. మిగతాదంతా పెద్దపిల్లల మీద, ముఖ్యంగా పెద్ద కూతుళ్ల మీద పడుతుంది.

అసలు తగవు ఇక్కడే ఉంది. డగ్గర్లు ఒక్కో పెద్దపిల్లకు ఒక్కో చిన్నపిల్ల బాధ్యత అప్పగించే పద్ధతిని టీవీలో గర్వంగా చూపారు. అంట్లు తోమడం, తమ్ముడికి అన్నం పెట్టడం ఏ ఇంట్లోనైనా నేర్వాల్సిన పనులే. పద్నాలుగేళ్ల పిల్ల రాత్రిళ్లు చంటిదానికి లేచి, పగలు తన బీజగణితం వాయిదా వేసుకుంటుంటే అది ఇంటిపని దాటి పోయినట్టే. ఇలాంటి ఇళ్లలో పెరిగినవాళ్లు 2013లో కొయెలిషన్ ఫర్ రెస్పాన్సిబుల్ హోమ్ ఎడ్యుకేషన్ అనే సంస్థ పెట్టుకుని, పర్యవేక్షణ కావాలని అడుగుతున్నారు. 2018లో కాలిఫోర్నియాలోని పెరిస్‌లో పదమూడుమంది తోబుట్టువులు ఏళ్ల తరబడి నిర్బంధంలో, ఆకలితో ఉన్నట్టు బయటపడింది. ఆ ఇల్లు ప్రభుత్వ రికార్డుల్లో ప్రైవేటు పాఠశాల, తండ్రి ప్రిన్సిపాల్. తర్వాత నిబంధనలు బిగించడానికి అక్కడ జరిగిన ప్రయత్నాలు ఇంటి చదువు తల్లిదండ్రుల నిరసనతో వీగిపోయాయి. ఆ ఒక్క ఇంటిని చూపి అందరినీ అనుమానించడం అన్యాయం. ఏడాదికోసారి బయటి మనిషి ఒకరు పిల్లల్ని చూడాలనడం అన్యాయం కాదు.

చదువు ఫలితాల మీద గొప్పలు ఎక్కువ, గట్టి ఆధారాలు తక్కువ. చాలా అధ్యయనాలు స్వచ్ఛందంగా ముందుకొచ్చిన కుటుంబాలనే కొలిచాయి. 2013లో పరిశోధనలన్నీ సమీక్షించిన రాబర్ట్ కన్జ్‌మన్, మిల్టన్ గైథర్ ఈ పిల్లలు భాషలో కాస్త ముందు, గణితంలో కాస్త వెనక అని తేల్చారు. బిగ్గరగా చదవడం అందరికీ కలిపి, లెక్కలు ఒక్కొక్కరికీ విడిగా నడిచే ఇంట్లో అలా జరగడం వింత కాదు. జాతీయ స్పెల్లింగ్ బీ విజేతల్లో 1997లో రెబెకా సీల్ఫన్, 2000లో భారత సంతతి జార్జ్ థాంపీ ఇంట్లో చదువుకున్నవాళ్లే.

తెలుగు రాష్ట్రాల్లో ఇంటి చదువు గురించి ఆలోచించే తల్లిదండ్రులు కొన్ని సంగతులు ముందే తెలుసుకోవాలి. విద్యాహక్కు చట్టం పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అంటుంది కానీ చేర్చకపోతే శిక్ష చెప్పలేదు. ఇంటి చదువును పేరుపెట్టి అనుమతించనూ లేదు, నిషేధించనూ లేదు. సర్టిఫికెట్ కావాలంటే జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ గానీ, రెండు రాష్ట్రాల సార్వత్రిక విద్యాపీఠాలు గానీ దారి. వాటిలో పదో తరగతికి చేరాలంటే పద్నాలుగేళ్లు, ఇంటర్‌కు పదిహేనేళ్లు నిండి ఉండాలి.