మంచం దిగలేని అవ్వను ఎవరు ఎత్తుకొస్తారు?

అర్ధరాత్రి ఒక ఇంట్లో పొగ కమ్మిందనుకుందాం. నడవగలిగిన వాళ్లు బయటికి పరుగెత్తారు. మరి మంచంలో ఉన్న అవ్వ సంగతి? ఆమె తనంతట తాను పక్కకు కూడా ఒత్తిగిల్లలేదు.

ఇలా జరిగితే ఎట్లా అని ముందే ఆలోచించి చట్టం చేసిన చోటు ఒకటుంది. అది అమెరికా దేశంలోని కాలిఫోర్నియా రాష్ట్రం. మన ఊళ్ల నుంచి వెళ్లిన పిల్లలు అక్కడ చాలామంది ఉన్నారు. వాళ్ల దగ్గరికి చేరిన అమ్మానాన్నలూ ఉన్నారు.

అక్కడ డబ్బు తీసుకుని ముసలివాళ్లను చూసుకునే ఇళ్లు ఉంటాయి. అవి ఆసుపత్రులు కావు. చాలా వాటిలో ఆరుగురికి మించి ఉండరు. బయటినుంచి చూస్తే వీధిలో మామూలు ఇల్లే. స్నానం చేయిస్తారు, అన్నం పెడతారు, వేళకు మందులు అందిస్తారు. ఇలాంటి ఇల్లు నడపాలంటే రాష్ట్ర ప్రభుత్వం నుంచి లైసెన్సు తీసుకోవాలి. తనిఖీ అధికారులు చెప్పకుండానే వస్తారు.

అయితే లైసెన్సు ఉన్నంత మాత్రాన మంచం పట్టిన వాళ్లను ఉంచుకోవడానికి వీల్లేదు. దానికి అగ్నిమాపక శాఖ అనుమతి కూడా కావాలి. మంటలు ఆర్పే వాళ్లకు ఇందులో ఏం పని అనుకుంటారేమో! మంట లేచినప్పుడు లోపలికి వెళ్లి మనిషిని ఎత్తుకు రావలసింది వాళ్లే కదా. కదలలేని మనిషి ఏ ఇంట్లో ఉన్నారో వాళ్లకు ముందే తెలియాలి. అందుకే అలాంటి మనిషిని ఉంచుకుంటే 48 గంటల్లోపు వాళ్లకు కబురు చేయాలి. ఎంతకాలం ఉంటారో కూడా చెప్పాలి.

చక్రాల కుర్చీలో తిరిగినంత మాత్రాన మంచం పట్టినట్టు కాదు. పడకలో పక్కకు తిప్పడానికి కూడా ఇంకొకరు కావాలంటే మంచం పట్టినట్టే. జబ్బు చేసి 14 రోజుల్లోపు లేచే వాళ్లకు, ఆపరేషన్ అయి కోలుకునే వాళ్లకు మినహాయింపు ఉంది. కబురు మాత్రం తప్పదు.

ఇక రెండో సంగతి. ఇది ఇంకా బరువైనది. అవ్వ జబ్బు నయం కాదని, ఆరు నెలలకు మించి బతకడం కష్టమని డాక్టరు చెప్పాడు. అప్పుడు నర్సులు ఆమె ఉన్నచోటికే వచ్చి నొప్పి తగ్గించే వైద్యం చేస్తారు. దీన్ని హాస్పిస్ అంటారు. ఈ సేవ ఆ ఇంట్లో జరగాలంటే లైసెన్సు ఇచ్చిన శాఖ నుంచి వేరే అనుమతి ఉండాలి. అది ఎంతమందికో అందులో రాసి ఉంటుంది. నర్సు చేసే పని ఏది, ఇంటి పనివాళ్లు చేసే పని ఏది అని ముందే రాసుకోవాలి. సూదిమందు పనివాళ్లు వేయకూడదు.

అదే గదిలో ఇంకో అవ్వ ఉంటే ఆమె కూడా ఒప్పుకోవాలి. నర్సులు వచ్చేది ఆమె గదిలోకే గదా! ముసలామెను అడిగేదేమిటి అని తోసేయడానికి లేదు. చిన్న నియమమే గాని చాలా మంచిది.

అనుమతి లేకపోతే? చివరి రోజుల్లో అవ్వను వేరేచోటికి తరలించవలసి వస్తుంది. అలవాటైన మంచం పోతుంది, తెలిసిన ముఖాలు పోతాయి. అందుకని చేర్చక ముందే కొడుకో కూతురో అడగాలి. "మా అమ్మ మంచం పడితే ఇక్కడే ఉంచుకుంటారా? అనుమతి కాగితం చూపించండి" అనాలి.

"ఏం ఫరవాలేదండీ, మేం చూసుకుంటాం" అని నవ్వితే సరిపోదు. కాగితం చదవాలి. రాత్రిపూట పనివాళ్లు ఎంతమంది ఉంటారో, వాళ్లలో ఎవరు మెలకువగా ఉంటారో కూడా అడగాలి.