కంప్యూటరు బలము ఎందున్నది?

పూర్వము మన పల్లెలలో బావులనుండి నీరు తోడుటకు ఎడ్లచే లాగబడు మోటలను వాడుచుండిరి. ఎడ్లు ఎంత బలమైనవైనను బాన చిన్నదైనచో చేనికి చాలినంత నీరు పాఱదు. బాన పెద్దదైనను కాలువ పూడియున్నచో ఆ నీరు దారిలోనే నిలిచిపోవును. కంప్యూటరు విషయమును ఇట్టిదే. దాని బలము ఏ యొక్క భాగమునందును లేదు. భాగములన్నియు ఒకదానికొకటి తగియుండుటయందున్నది. ఈ సూక్ష్మము నెఱుగనివారు వేలకొలది రూపాయలు వెచ్చించియు ఆశించిన వేగమును పొందజాలరు. ఎఱిగినవారు కొద్ది ధనముతోనే కార్యమును సాధింతురు.

గణకయంత్రముల అభివృద్ధి మిక్కిలి త్వరితముగా జరిగినది. 1946లో అమెరికా దేశమున లోకమునకు చూపబడిన ఎనియాక్ అను యంత్రము సుమారు 30 టన్నుల బరువు కలిగి, ఒక విశాలమైన గది నంతయు ఆక్రమించెను. 1971లో ఇంటెల్ సంస్థ వెలువరించిన 4004 అను ప్రాసెసరులో, వ్రేలిగోరు కంటె చిన్నదైన సిలికాన్ పలుకుపై, 2,300 ట్రాన్సిస్టరులు ఇమిడియుండెను. 2022లో వెలువడిన ఎన్విడియా వారి ఆర్.టి.ఎక్స్. 4090 అను గ్రాఫిక్స్ కార్డు నందలి చిప్పులో ఆ సంఖ్య 7,600 కోట్లను మించినది. కావున నేడు కొన్న యంత్రము కొన్ని యేండ్లకే పాతదిగా తోచుట సహజము. అంతమాత్రమున దానిని తీసివేయవలెనా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు ముందు భాగముల పనిని తెలిసికొనవలెను.

లెక్కలు కట్టునది ప్రాసెసరు. దానికి ర్యాము వ్రాతబల్ల వంటిది. హార్డుడిస్కు పుస్తకముల బీరువా వంటిది. బల్ల చిన్నదైనచో విద్యార్థి మాటిమాటికి లేచి బీరువాకు పోవలసివచ్చును. అట్లే ర్యాము చాలనపుడు ప్రాసెసరు హార్డుడిస్కు నాశ్రయించి, పనిలేక వేచియుండును. హార్డుడిస్కులో పళ్లెములు నిమిషమునకు 5,400 గాని 7,200 గాని చుట్లు తిరుగుచుండును. సమాచారమును చదువు ముల్లు తగిన చోటికి జరుగవలెను. పళ్లెము తిరిగి ఆ చోటు ముల్లు క్రిందికి రావలెను. ఇందుకు ఒక్కొక్క మాఱు సెకనులో సుమారు నూఱవవంతు కాలము పట్టును. ఎస్.ఎస్.డి. యందు తిరుగు భాగములే లేవు. దానికి సెకనులో పదివేలవవంతు కాలము ఇంచుమించుగా చాలును.

ఉత్తరములు వ్రాయుట, పాఠములు వినుట, జమాఖర్చులు చూచుట మొదలగు నిత్యకృత్యములకు మహాబలముగల ప్రాసెసరు అక్కఱలేదు. తెఱచుకొనుటకే అయిదు నిమిషములు తీసికొను కంప్యూటరులో హార్డుడిస్కునకు బదులు ఎస్.ఎస్.డి. అమర్చి, ర్యామును 8 గాని 16 గాని జీబీలకు పెంచినచో, అది తఱచుగా క్రొత్తదానివలెనే పనిచేయును. ఎడ్లను మార్చుటకు ముందు కాలువ పూడిక తీయుట వివేకము.

ఆటల విషయము వేఱు. 1920 నిలువు వరుసలును, 1080 అడ్డు వరుసలును గల తెఱపై 20,73,600 చుక్కలుండును. సెకనునకు 60 చిత్రములు మాఱవలెనన్నచో ఆ కాలములోనే 12 కోట్లకు మించిన చుక్కల రంగులను నిర్ణయింపవలెను. ప్రాసెసరు మల్లుని వంటిది. మల్లుడు ఎంతటి బలశాలియైనను ఎకరము మడిని ఒంటరిగా నాటజాలడు. నలువదిమంది కూలీలు వరుసగా నిలిచినచో ఆ పని సులభమగును. గ్రాఫిక్స్ కార్డులో అట్టి చిన్న గణకములు వేలకొలది కలవు. అందుచేతనే ఆటలకు ఈ కార్డు ముఖ్యము. అయినను మానిటరు సెకనునకు 60 చిత్రములనే చూపగలదైనచో, కార్డు 200 చిత్రములను సిద్ధము చేసిన ఫలమేమి?

బలమునకు వెలయు కలదు. పైన చెప్పిన 4090 కార్డు 450 వాట్ల వఱకు విద్యుత్తును గ్రహించును. 75 వాట్ల పంకాలు ఆఱు తిరిగినంత విద్యుత్తు అది! ఆ విద్యుత్తంతయు తుదకు వేడిగా మాఱును. దానిని వెలుపలికి పంపుటకు తగిన గాలియు, భారమును మోయగల పవర్ సప్లైయు ఉండవలెను. భాగములు కొనునపుడు అవి మదరుబోర్డునకు పొసగునా యని చూడవలెను. డి.డి.ఆర్. 4 ర్యామునకు ఏర్పడిన గాడిలో డి.డి.ఆర్. 5 ర్యాము ఇమడదు.

కొన్ని వేళల క్రొత్త యంత్రమే శరణ్యము. 2025 అక్టోబరు 14తో విండోస్ 10నకు సాధారణ సంరక్షణ ముగిసినది. విండోస్ 11నకు టి.పి.ఎం. 2.0 అను భద్రతాసాధనము కావలెను. అది లేని పాత యంత్రములు పెక్కు కలవు. వానిలో లినక్స్ వంటి ఉచిత వ్యవస్థను నడుపవచ్చును గాని, కొన్ని ఆటలు అందు ఆడవు.

క్రొత్తది వచ్చినపుడు పాతదాని గతి యేమి? 2022వ సంవత్సరమున ప్రపంచమందు 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థములు పోగుపడగా, అందు నాలుగవవంతైనను సక్రమముగా సేకరింపబడి పునర్వినియోగమునకు చేరినట్లు లెక్కకు రాలేదు. వానిలోని సీసము మొదలగు విషపదార్థములు నేలను, నీటిని పాడుచేయును. పనిచేయు కంప్యూటరును, అందలి సొంత సమాచారమును పూర్తిగా తుడిచిన పిదప, అవసరమున్న విద్యార్థికి ఇచ్చుట ఉత్తమము. పనికిరాని దానిని అధికారము పొందిన సేకరణ కేంద్రమునకే అప్పగింపవలెను.

కావున కంప్యూటరును కొనదలచినవారు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. చేయవలసిన పని యేది? ఇప్పటి యంత్రమున ఆ పనికి అడ్డుపడుచున్న భాగమేది? ఆ యొక్క భాగమును మార్చినచో చాలునా? మొదటి రెండు ప్రశ్నలకు ఉత్తరము తెలియక అంగడికి పోవువారు అమ్మువాని మాటపై కొందురు. తెలిసి పోవువారు తమ అవసరముపై కొందురు. ఇంటివారు కష్టపడి కూడబెట్టిన ధనమునకు ఈ రెంటి నడుమ గల భేదము స్వల్పము కాదు.