పరిశీలకుని యెదుట మన వ్యాసము

సంఘములో మనము ప్రసంగించునప్పుడు వినువారు మనలను ఎరిగినవారు. మన మాటలో లోపమున్నను ప్రేమతో సహిస్తారు. పరిశోధన పత్రికకు పంపిన వ్యాసమునకు ఆ వెసులుబాటు లేదు. మన పేరైనను తెలియని వ్యక్తి దానిని చదివి, అది నిలుస్తుందో లేదో చెబుతాడు. ఈ పరీక్షకు జంకి వ్రాయడమే మానుకొన్న సేవకులు మనలో ఉన్నారు. కావున ఆ విధానమును క్లుప్తముగా వివరించుట ఈ వ్యాసము ఉద్దేశము.

మొదట వ్రాతప్రతిని సంపాదకుడు చూస్తారు. అంశము పత్రిక పరిధిలోనిదేనా, ఆధారములు సరిగా చూపబడినవా, ఇదే వ్యాసము వేరొక పత్రికకు కూడా పంపబడినదా, ఇతరుల రచనను చెప్పకుండా వాడుకొన్నారా అని గమనిస్తారు. కొన్ని వ్యాసములు ఇక్కడనుండే తిరిగి వెళ్తాయి.

రెండవ దశలో, ఆ అంశమును ఎరిగిన ఇద్దరు పండితులకు సాధారణముగా దానిని పంపుతారు. అనేక వేదాంత పత్రికలలో వ్యాసకర్త పేరు వీరికి, వీరి పేర్లు వ్యాసకర్తకు తెలియనివ్వరు. ప్రశ్న స్పష్టముగా ఉన్నదా, మునుపటి పరిశోధనను చదివి వ్రాశారా, ఆధారములు చాలునా, క్రొత్తగా చేర్చినదేమి అని వీరు పరిశీలించి నివేదిక వ్రాస్తారు.

మూడవది తీర్మానము. అంగీకరించుట, చిన్న సవరణలు కోరుట, తిరిగి వ్రాసి పంపమనుట, నిరాకరించుట అని నాలుగు విధములు. పరిశీలకులు సలహా ఇస్తారు, తీర్మానము మాత్రము సంపాదకునిదే. వ్యాసకర్త ప్రతి అభ్యంతరమునకు లేఖలో జవాబు ఇవ్వాలి. కారణము చూపి విభేదించవచ్చును కూడా.

ఈ పరీక్ష గొప్పవారికిని కష్టమే. 1936లో ఐన్‌స్టీన్, రోజెన్‌తో కలిసి, గురుత్వ తరంగములు లేవనే వాదనతో ఒక వ్యాసమును ఫిజికల్ రివ్యూ పత్రికకు పంపారు. పరిశీలకుడు అందులో లోపము చూపాడు. అచ్చుకు ముందే ఇతరులకు చూపినందుకు ఐన్‌స్టీన్ కోపగించి వ్యాసమును వెనుకకు తీసికొన్నారు. పిదప పొరపాటు గ్రహించి, ముగింపు మార్చి, 1937లో వేరొక పత్రికలో ప్రచురించారు. 2015లో ఆ తరంగములను శాస్త్రజ్ఞులు నేరుగా గుర్తించారు.

నా మొదటి వ్యాసము తిరిగి వచ్చినప్పుడు నేనును నొచ్చుకొన్నాను. ఒక గ్రీకు పదమునకు నేను చెప్పిన అర్థమునకు ఆధారమేదని పరిశీలకుడు అడిగాడు. నిఘంటువులు వెదికాను, దొరకలేదు. ఎప్పుడో ఒక ప్రసంగములో విన్న మాట అది. దానినే ఎన్నో సంవత్సరములు సంఘమునకు బోధించాను! తరువాతి ఆదివారము సంఘము ఎదుట నా మాటను సరిదిద్దుకొన్నాను. వ్యాసము అచ్చు కాలేదు గాని ఆ ప్రశ్న నాకు మేలు చేసింది.

పరిశీలకులును మనుష్యులే. తప్పును చూడకపోవచ్చు, క్రొత్త ఆలోచనను అన్యాయముగా త్రోసివేయవచ్చు. కనుక అచ్చయిన ప్రతిదియు సత్యమని అనుకొనరాదు. అయినను అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయములో బెరయవారు పౌలు బోధను సహితము లేఖనములతో పరిశోధించారు. ఆయన దానికి నొచ్చుకొన్నట్లు అక్కడ లేదు.

కాబట్టి నివేదిక చేతికి వచ్చిన దినముననే జవాబు వ్రాయకండి. కొన్ని దినములు ప్రక్కన ఉంచి, మరల చదవండి. అందులో ఒక్క ప్రశ్న న్యాయమైనదైనను, మొదట మన ప్రసంగమును దిద్దుకొని, తరువాత వ్యాసమును దిద్దుదము.