ఫోటో ఎలా చిక్కిపోతుంది?

స్కాలర్‌షిప్పుకి దరఖాస్తు పెట్టేటప్పుడు మీలో కొందరికి ఈ చిక్కు ఎదురయ్యే ఉంటుంది. ఫోనుతో ఫోటో తీస్తారు. జత చేయబోతే కంప్యూటరు ఒప్పుకోదు. "జేపెగ్ ఫైలే కావాలి, 50 కిలోబైట్లు దాటకూడదు" అంటుంది. గడువు చూస్తే ఆ సాయంత్రమే! అప్పుడు ఫైలు పేరు చివర ఉన్న 'హెచ్.ఇ.ఐ.సి.' చెరిపేసి 'జె.పి.జి.' అని రాసే గడుసువాళ్లున్నారు. కందిపప్పు డబ్బా మీద 'పంచదార' అని చీటీ అంటిస్తే కాఫీ తియ్యగా అవుతుందా? జేపెగ్ ఫైలులో మొదటి రెండు బైట్ల విలువలు ఎప్పుడూ 255, 216. పైన పేరు మార్చినా లోపలి గుర్తు మారదు. బొమ్మని నిజంగానే తిరిగి రాయాలి.

కంప్యూటరుకి ఫోటో అంటే అంకెల పట్టికే. అడ్డంగా 4,000, నిలువుగా 3,000 చుక్కలుంటే మొత్తం కోటీ ఇరవై లక్షల చుక్కలు. ఒక్కొక్క చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంతో చెప్పడానికి మూడు బైట్లు కావాలి. వెరసి 36 మెగాబైట్లు! కాని మీ ఫోనులో ఆ ఫోటో మూడు నాలుగు మెగాబైట్లే ఉంటుంది. మిగతాదంతా ఏమైనట్టు?

ఇక్కడ మన కంటి లోపమే మనకి అక్కరకొస్తుంది. వెలుగులో తేడాని కన్ను ఇట్టే పసిగడుతుంది గాని, రంగులోని సన్నని తేడాలను అంతగా పట్టించుకోదు. అందుచేత జేపెగ్ పద్ధతిలో ముందు వెలుగునీ రంగునీ విడదీసి, సాధారణంగా రంగు వివరాలను పలచన చేస్తారు. తరవాత బొమ్మని అడ్డంగా 8, నిలువుగా 8 చుక్కలుండే చిన్న చదరాలుగా కోస్తారు. ఒక్కో చదరంలోని 64 అంకెలకు బదులు వేరే 64 అంకెలు లెక్కగడతారు. వాటిలో మొదటిది ఆ చదరం సగటును చెబుతుంది. మిగతా 63 అంకెలూ చదరంలో వెలుగు ఎంత నెమ్మదిగా, ఎంత గబగబా మారుతోందో చెబుతాయి. ఫోటోలో ఆకాశం ఉన్న చోటు చూడండి. అక్కడ మార్పేముంది? సగటు చెబితే దాదాపు సరిపోయె! మిగతా అంకెలన్నీ సున్నాకి దగ్గర్లో ఉంటాయి. వాటిని సున్నాలే చేసేస్తే అడిగేదెవరు? వరసగా యాభై సున్నాలుంటే "ఇక అన్నీ సున్నాలే" అని ఒక్క ముక్కలో తేల్చేయవచ్చు. ఫైలు చిక్కిపోయేది ఇందువల్లనే.

ఈ లెక్క పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫారం. మీరు త్రికోణమితిలో చదివే కొసైనే! దీన్ని తలపెట్టినాయన బెంగుళూరులో పుట్టిన నసీర్ అహ్మద్. 1972లో ఈ పరిశోధనకి అమెరికాలోని నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను డబ్బు సాయం అడిగితే దొరకలేదు. ఆలోచన మరీ తేలిగ్గా ఉందని పరిశీలకుడొకరు అన్నారట! ఆయన పని మానలేదు. నటరాజన్, కె.ఆర్.రావు గార్లతో కలిసి 1974లో దాన్ని ప్రచురించారు. 1992లో వచ్చిన జేపెగ్ ప్రమాణం దాని మీదనే నిలిచింది.

2017 నుంచి ఐఫోన్లు వాడుతున్న హెచ్.ఇ.ఐ.సి.లోనూ ఈ లెక్క సంతతే ఉంది. మరికొన్ని ఉపాయాలు చేర్చి అదే బొమ్మని ఇంచుమించు సగం చోటులో ఇముడుస్తుంది. అంత మంచిదైతే అందరూ ఎందుకు వాడరు? అందులోని పద్ధతుల మీద పేటెంట్లున్నాయి, రుసుముల గొడవ ఉంది. అందుకని చాలా బ్రౌజర్లు దాని జోలికి పోలేదు. జేపెగ్ అయితే ఎక్కడైనా తెరుచుకుంటుంది.

మార్చేటప్పుడు ముందు చుక్కల సంఖ్య తగ్గించండి. 4,000ని 1,200కీ, 3,000ని 900కీ దించితే చుక్కలు పదకొండో వంతుకి పడిపోతాయి. దరఖాస్తు మీద తపాలా బిళ్లంత కనిపించే ఫోటోకి అదీ ఎక్కువే. ఆ తరవాతే నాణ్యత తగ్గించాలి. ఇక గీతలూ అక్షరాలూ ఉన్న బొమ్మలకి జేపెగ్ అంత నప్పదు. నల్ల అక్షరం అంచున వెలుగు ఒక్కసారిగా మారుతుంది గదా! సున్నా చేసిన అంకెలు అక్కడ నిజంగా కావలసినవే. అవి పోతే అక్షరాల చుట్టూ మురికి పట్టినట్టుంటుంది. అలాంటివాటికి పి.ఎన్.జి. మేలు.

ఒకసారి సున్నా అయిన అంకె మరి తిరిగి రాదు. తాతగారి ఫోటో ఇంట్లో ఒక్కటే ఉందనుకోండి. దాన్ని 50 కిలోబైట్లకి కుదించి, అసలుది చెరిపేశారో, రేపు పటం కట్టించుకుందామంటే ఆ మొహంలో ముడతలు ఏ యంత్రమూ తెచ్చివ్వలేదు. ఎప్పుడూ నకలు మీదనే పనిచేయండి.

నమ్మకం లేకపోతే ఏదైనా ఫోటో నకలు తీసి, నాణ్యతను 10కి దించి దాచండి. బాగా పెద్దది చేసి, కొండ ఆకాశాన్ని తాకే చోట చూడండి. ఎనిమిదేసి చుక్కల చదరాలు మీరే లెక్కపెట్టవచ్చు.